ఎముకల ముందు కాళ్ళెందుకు ఆగుతాయి?

ఏ ఊరి మ్యూజియానికైనా వెళ్ళి ఒక పక్కన నిలబడి చూడండి. నటరాజ విగ్రహం ముందు జనం అర నిముషం ఆగుతారు. చెప్పులున్న సంగతి గుర్తొచ్చి, దండం పెట్టాలో వద్దో తేల్చుకోలేక కదిలిపోతారు. నాణేల గది, తాళపత్రాల గది నడుస్తూనే దాటేస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అయితే గంట కొట్టే గడియారం ముందు చేరతారనుకోండి. అదే హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో గుమ్మంలో అడుగు పెట్టగానే ఒకటే ప్రశ్న: "మమ్మీ ఎక్కడుందండీ?"

అవును, ఈజిప్టు మమ్మీయే. గుడ్డపట్టీలు చుట్టి, గాజు పెట్టెలో పడుకోబెట్టిన వేల ఏళ్ళనాటి శవం. దాని ముందు మాత్రం ఎవరూ నడుస్తూ దాటరు. మన ఆడవాళ్ళ సంగతి మరీ చిత్రం. వాసన ఏమీ రాకపోయినా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. "అమ్మో, నే చూడలేను బాబూ" అంటూనే వేళ్ళ సందుల్లోంచి చూస్తారు. పక్కనున్న పిల్లాడి కళ్ళు ఒక చేత్తో మూసి, తాము మాత్రం మెడ చాచి తొంగి చూస్తారు. మీరూ గమనించే ఉంటారు. మీలో కొందరు ఆ పని చేసే ఉంటారు కూడా!

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. దానికి ఈ కుతూహలం కాస్త ఎక్కువ. లైబ్రరీ నుంచి పుస్తకం తెస్తే మమ్మీల గురించో, సమాధుల గురించో అయి ఉంటుంది. ఊరికి వెళ్ళినప్పుడు పాత శ్మశానం కనపడితే బస్సు కిటికీలోంచి మెడ తిప్పి చూస్తుంది. మా గుడివాడ ఇంటికి వచ్చే చుట్టాలు మొదట నవ్వారు. తరవాత నన్ను పక్కకు పిలిచి, "ఆడపిల్లకి ఇదేం పిచ్చమ్మా? పెద్దమనిషి కావాల్సిన పిల్ల. కాస్త మాన్పించు, రేపు ఎవరైనా వింటే ఏమనుకుంటారు?" అనడం మొదలుపెట్టారు. ఒకావిడ అయితే తాయెత్తు కట్టించమంది.

తాయెత్తు కట్టించలేదు, పుస్తకాలూ దాచెయ్యలేదు. కానీ ఆలోచనలో మాత్రం పడ్డాను. ఇది నిజంగా పిచ్చేనా? అయితే ఆ గాజు పెట్టె ముందు ఆగిన వందలమందికీ ఉన్నట్టేగా! చావంటే భయపడే మనుషులం, చచ్చినవాళ్ళ ముందుకు వచ్చేసరికి కాళ్ళెందుకు ఆగిపోతాయి?

శవాన్ని మోసిన బాల్యం

మన చిన్నతనం ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. చందమామ తిరగేసిన పిల్లలెవరైనా బేతాళ కథ చదవకుండా వదిలారా? చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుని, మౌనంగా శ్మశానం కేసి నడిచే రాజు బొమ్మ మనకందరికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. అన్నం తింటూ చదివాం ఆ కథలు. ఏ తల్లీ పుస్తకం లాక్కోలేదు. శవం నోట పుట్టిన ప్రశ్నకు రాజు ఏం జవాబు చెబుతాడా అని మనమూ బుర్ర గోక్కున్నాం.

ఇక హరిశ్చంద్ర నాటకం. కృష్ణా జిల్లా పల్లెల్లో తిరునాళ్ళకు నాటకం ఆడితే ఆడవాళ్ళు చాపలూ దుప్పట్లూ పట్టుకుని వెళ్ళేవారు. వారణాసి సీను నడుస్తుంటే చంటిపిల్లల్ని పడుకోబెట్టుకుని కునుకు తీసేవారు. కాటిసీను వస్తుందనగానే ఒకరినొకరు లేపుకునేవారు. జాషువాగారి శ్మశాన పద్యాలు ఆ సీనులో అందుకుంటే తెల్లవారుజాము చలిలో కూడా జనం కదిలేవారు కాదు. వన్స్ మోర్‌లు సరేసరి! నిజం శ్మశానానికి ఆడది పోకూడదంటాం. నాటకంలో శ్మశానం కోసం తెల్లార్లూ మేలుకుంటాం. పైగా ఆ సీనులో శ్మశానానికి వచ్చేది చంద్రమతి. చచ్చిన బిడ్డను ఒళ్ళో వేసుకుని ఒక్కతే వస్తుంది.

అంటే ఈ చూపు మనకు కొత్తగా మ్యూజియాలు నేర్పింది కాదు. ఎప్పటినించో ఉన్నదే. కథగా, పద్యంగా ఉన్నంతకాలం దానికి మర్యాద ఉంది. ఆడపిల్ల నోరు తెరిచి "నేను చూస్తాను" అంటేనే అది పిచ్చి అవుతుంది.

ఎముకకు కట్టిన గుడి

మా గుడివాడలో ఒక పెద్ద దిబ్బ ఉంది. దాని కింద ఒకప్పటి బౌద్ధస్తూపం. జనం నోట దానికి స్థిరపడ్డ పేరును ఈ పేజీలో రాయడానికి నాకు మొహమాటం. ఆ పేరు ఒక ఆడదాన్ని తిట్టే మాట అని మాత్రం చెప్పగలను. భట్టిప్రోలు దిబ్బకూ జనం పెట్టుకున్న పేరు అదే. బుద్ధుడి పేరు మర్చిపోయారు గాని, ఆడదాన్ని తిట్టడం మర్చిపోలేదు చూడండి!

ఇంతకీ స్తూపం అంటే ఏమిటి? చాలామంది గోపురంలాంటిదేదో అనుకుంటారు. మహాస్తూపాల్లో చాలావాటి నడుమ ఉండేది ధాతువు. ధాతువంటే ఎముక ముక్క, బూడిద. పోయినవారి అస్థికను మధ్యలో పెట్టి, చుట్టూ ఇటుకలు పేర్చి, పైన పాలరాతి శిల్పాలు తాపడం చేస్తే అదే స్తూపం. ఘంటసాలలోనూ ఇలాంటి మహాస్తూపమే బయటపడింది. ఇప్పుడక్కడి మ్యూజియంలో ఆ శిల్పాలు చూడొచ్చు.

పులిగడ్డ-పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటితే రేపల్లె, అక్కణ్ణించి కాస్త ముందుకెళ్తే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర ఆ దిబ్బ తవ్వించినప్పుడు రాతి భరిణెలు దొరికాయి. భరిణెలో స్ఫటికపు బరిణె, అందులో చిన్న అస్థిక, చుట్టూ బంగారు పూలు, ముత్యాలు. రెండు వేల ఏళ్ళకు పైబడిన అక్షరాలు ఆ రాళ్ళ మీద ఉన్నాయి. మన తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళంతా ఆ అక్షరాల దగ్గర్నించే మొదలుపెడతారు.

నన్ను కట్టిపడేసింది ఆ అక్షరాల్లో ఉన్న పేర్లు. ఒక భరిణె మీద కురుడనే ఆయన, ఆయన తల్లి, తండ్రి కలిసి చేయించిన సంగతి ఉంది. ఒక స్ఫటికం ముక్క మీదైతే నందపురం ఆడవాళ్ళు ఇచ్చిన కానుక అని చెక్కి ఉంది. ఎవరా ఆడవాళ్ళు? పొదుపు సంఘంలాగా తలా కాస్త వేసుకుని ఇచ్చారేమో! ఎముక దగ్గరికి ఆడది వెళ్ళకూడదని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేరు. చెప్పినా విన్నట్టు లేరు.

ఆ భరిణెలు మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. అక్కడి ధాతువు కలకత్తాలో మహాబోధి సొసైటీవారి ధర్మరాజిక విహారానికి చేరి, 1920లో మళ్ళీ పూజలో కూర్చుంది. ఒకే దిబ్బలోంచి వచ్చిన వస్తువుల్లో ఒకటి అద్దాల బీరువాలో ఉంటే, ఒకటి గుడిలో ఉంది. ఒకదాన్ని టిక్కెట్టు కొని చూస్తాం, ఒకదానికి మోకరిల్లుతాం. ఏది అన్నది ఎముకలో లేదు. పక్కన నిలబడ్డవాళ్ళ మనసులో ఉంది.

బందరు అరబెల్లా

నేను పుట్టి పెరిగింది బందరులో. అక్కడ మా చిన్నప్పుడు మ్యూజియం మాట ఎవరూ ఎత్తేవారు కాదు గాని, మమ్మీని మించిన కథ ఒకటుంది. సెయింట్ మేరీస్ చర్చిలోని అరబెల్లా రాబిన్సన్ కథ.

కంపెనీ సైన్యంలో మేజర్ జనరల్ స్థాయికి వెళ్ళిన జాన్ పేటర్ అనే ఆయన ఆమెను ప్రేమించాడట. పెళ్ళి కాకుండానే, 1809లో ఆమె చనిపోయింది. ఆమెను ఉన్న శ్మశానంలో పెట్టడానికి వీల్లేదన్నారని, ఆయన పంతం పట్టి స్థలం కొని, ఆమెను అందులో ఉంచి పైన చర్చి కట్టించాడని బందరులో చెప్పుకుంటారు. అక్కడితో ఆగితే అది ప్రేమకథ. ఆగదు. శవం పాడవకుండా మందులు పూయించాడట. గాజు పెట్టెలో పెట్టి కింద ఏదో యంత్రం బిగించాడట. తాళం చెవి తిప్పితే పెట్టె పైకి వచ్చేదట, పెళ్ళికూతురి బట్టల్లో ఆమె నిద్రపోతున్నట్టే కనపడేదట. తరవాత ఎవరో ఆ యంత్రాన్ని ఆపించి శాశ్వతంగా మూయించేశారట.

ఇన్ని 'అట'లు ఎందుకంటే, బందరులో ఆ పెట్టెను చూసినవాళ్ళని చూశామనేవాళ్ళే గాని, "నేను చూశాను" అన్న మనిషి నాకు తగల్లేదు. చర్చి ఉంది, ఆమె సమాధి ఉంది. మిగిలినదంతా నోటిమాట. కానీ మా అమ్మమ్మ ఆ కథ చెప్పేటప్పుడు తాళం చెవి తిప్పినట్టు చెయ్యి తిప్పేది. 'కిర్ర్' మని చప్పుడు చేసేది. మేం పిల్లలం దుప్పట్లో ముడుచుకుపోయి, "మళ్ళీ చెప్పవా అమ్మమ్మా" అనేవాళ్ళం.

పెళ్ళై, ఒక ఆడపిల్లకు తల్లినయ్యాక ఆ కథ నాకు వేరేగా వినిపించడం మొదలైంది. అందులో ఆయన ప్రేమ ఉంది, ఆయన పంతం ఉంది, ఆయన ఖర్చు ఉంది. ఆమె ఏమనుకుందో ఎక్కడా లేదు. పోయినాక కూడా ఎవరు తాళం చెవి తిప్పితే వాళ్ళ ముందుకు లేచి రావాలా? బతికున్న ఆడదాన్నే పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టి ఎగాదిగా చూస్తారు. చచ్చినా ఆ చూపులు తప్పవా అనిపించింది. కథ ఎంతవరకు నిజమో గాని, ఆ కథ నచ్చి రెండు వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నది మాత్రం మనమే కదా.

ఆ బందరులోనే డచ్చివారి సమాధులూ ఉన్నాయి. 1605లో వ్యాపారానికి దిగిన డచ్చివాళ్ళు, ఇక్కడి ఎండకూ జ్వరాలకూ రాలిపోతే, పెద్ద పెద్ద రాళ్ళ మీద వంశ చిహ్నాలు చెక్కి పెట్టారు. పులికాటులోని వాళ్ళ శ్మశానానికైతే గుమ్మానికి అటూ ఇటూ అస్థిపంజరాలనే చెక్కించారు, ద్వారపాలకుల్లాగా! రాయి కొనగలిగినవాళ్ళు, చెక్కించుకోగలిగినవాళ్ళు. మరి 1864 నవంబరు 1న బందరు మీదికి సముద్రం వచ్చినప్పుడు ముప్పై వేలమంది పోయారని గజెటీర్లు రాశాయి. ఆ ముప్పై వేలలో ఎన్ని పేర్లు మనకు తెలుసు? అరబెల్లా పేరు బందరులో రిక్షా తొక్కినవాళ్ళకు కూడా తెలుసు.

వాళ్ళని ఎవరైనా అడిగారా?

హైదరాబాదు మమ్మీకీ ఒక పేరుంది. నైషు అంటారు. ఈజిప్టు రాజకుమారి అనీ, చిన్న వయసులోనే పోయిందనీ చెబుతారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పోసి కొనుక్కొచ్చాడని, ఏడో నిజాం చేతుల మీదుగా 1930లో మ్యూజియానికి చేరిందని చెబుతారు. 2016లో ఆ శరీరానికి స్కానింగ్ తీశారు. లోపలి ఎముకలు ఎలా ఉన్నాయో చూసి, ఆ తరవాత గాలిలోని ఆక్సిజన్ తగలకుండా కొత్త గాజు పెట్టె చేయించారు. ఆస్పత్రిలో మన అమ్మాయికి చేసినట్టే! మంచి పనే. కాకపోతే ఒక ఆడపిల్లను వెయ్యి పౌండ్లకు కొన్నారన్న మాట దగ్గర మాత్రం నాకు మింగుడు పడదు. తల్లిదండ్రులు ఎంతో శ్రద్ధగా పట్టీలు చుట్టించి, పరలోకంలో సుఖంగా ఉండాలని పంపుకున్న పిల్ల ఆమె. పబ్లిక్ గార్డెన్స్‌కి అని పంపలేదు.

ఈ మాట ఇప్పుడు ప్రపంచంలో పెద్ద మ్యూజియాలే అనుకుంటున్నాయి. లండన్‌లో 1783లో చార్లెస్ బర్న్ అనే ఐర్లండు మనిషి చనిపోయాడు. ఏడున్నర అడుగుల పైన పొడుగు. బతికినన్నాళ్ళూ ఆ ఎత్తునే ప్రదర్శనగా చూపించి పొట్ట పోసుకున్నాడు. పోయాక డాక్టర్లు తన ఒళ్ళు కోస్తారని భయపడి, సముద్రంలో కలిపెయ్యమని స్నేహితులతో చెప్పుకున్నాడు. జాన్ హంటర్ అనే సర్జన్ మనుషుల్ని పెట్టి శవాన్ని సంపాదించాడు. ఆ అస్థిపంజరం రెండు వందల ఏళ్ళకు పైగా హంటేరియన్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఆ మ్యూజియాన్ని బాగు చేసి 2023లో మళ్ళీ తెరిచినప్పుడు ఆయన్ని ప్రదర్శనలోంచి తీసేశారు. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం కూడా 2020లో మనుషుల తలలనూ ఇతర అవశేషాలనూ అద్దాల బీరువాల్లోంచి తీసేసింది. వాటిలో మన దేశపు నాగా ప్రజలవీ ఉన్నాయి. తమ పూర్వీకుల్ని తమకు తిరిగి ఇవ్వమని నాగా పెద్దలు ఇప్పుడు అడుగుతున్నారు.

ఇదంతా చదివాక, చూడ్డమే తప్పు, పిల్లల్ని అటు పోనివ్వకూడదు అని తేల్చెయ్యొచ్చు. సులువైన జవాబు. కానీ మా ఇంట్లోనే దొరికింది నాకు వేరే జవాబు.

నానమ్మ చూసిన చూపు

మా అత్తగారిది దివిసీమ. నాగాయలంక దాటాక, సముద్రానికి దగ్గరలో ఒక ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెనకు ఆవిడకు పదిహేనేళ్ళు. చీరాల దగ్గర తీరం దాటిన తుపాను అది. దివిసీమ మీదికి తాటిచెట్టంత అల వచ్చిందని అక్కడివాళ్ళంటారు. కొలిచినవాళ్ళు అయిదారు మీటర్లన్నారు. సర్కారు లెక్కే దాదాపు పదివేల ప్రాణాలు. సొర్లగొంది లాంటి తీరపు ఊళ్ళల్లో ఇళ్ళకు ఇళ్ళే ఖాళీ అయిపోయాయి. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదువుకున్నవి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా అత్తగారు ఆ రోజు గురించి ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. గాలివాన వస్తే లేచి వెళ్ళి తలుపులన్నీ గడియ పెట్టి, పిల్లల్ని తన గదిలో పడుకోబెట్టుకునేవారు. అంతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాం. మా అమ్మాయి ఉన్నట్టుండి, "నానమ్మా, నువ్వెప్పుడైనా నిజం శవాన్ని చూశావా?" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. వారిద్దామని నోరు తెరిచేలోగా మా అత్తగారే, "ఒకటా రెండా తల్లీ" అన్నారు. చేతిలో పని ఆపలేదు. గింజ తీస్తూనే చెప్పుకుపోయారు.

"శనివారం అది. పొద్దుట్నించీ ఒకటే గాలి. నీళ్ళొస్తున్నాయిరా అని కేకలు వినపడితే కాలవ గండి పడిందేమో అనుకున్నాం. నోట్లోకి పోయినాక తెలిసింది, ఉప్పగా ఉన్నాయి. చెల్లి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎప్పుడు జారిందో తెలీదు. నాకు తుమ్మచెట్టు దొరికింది. ముళ్ళు దిగుతున్నా నొప్పి తెలీలా. తెల్లారి చూసుకుంటే ఒంటిమీద నూలుపోగు లేదు. ఎవరికీ లేదు. సిగ్గుపడే ఓపికా లేదు."

చెల్లెలికి ఎనిమిదేళ్ళట. ఆవిడా, వాళ్ళ నాన్నగారూ మూడు రోజులు వెతికారట.

"ఆడపిల్లని శవాల మధ్యకి తీసుకెళ్తావేంట్రా అన్నారు పెద్దాళ్ళు. వాళ్ళమ్మ లేచే స్థితిలో లేదు, దాన్ని గుర్తుపట్టేది ఇదొక్కతే, ఇది రాకపోతే ఎట్టా అన్నాడు మా నాన్న. బోర్లా పడున్నోళ్ళని తిప్పి చూసేవాళ్ళం. మొహాలు తెలిసేవి కాదు, ఉబ్బిపోయి. గాజులు చూసేవాళ్ళం, మొలతాళ్ళు చూసేవాళ్ళం. దాని మెళ్ళో ఎర్రపూసల దండ ఉండాల. నాకేం భయమెయ్యలా అమ్మడూ. ఇది కాదు అని తెలియగానే హమ్మయ్య అనిపించేది. వెంటనే ఏడుపొచ్చేది, ఎవరి పిల్లో ఇది అని. నాలుగో రోజు నుంచి కుప్పలు వేసి కిరసనాయిలు పోసి తగలేశారు. తప్పదు మరి, కుళ్ళిపోతుంటే. ఇంక చూడ్డానికి ఏం లేకుండా పోయింది."

కాసేపు చింతగింజలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మా అమ్మాయి కళ్ళు తిప్పుకోకుండా వింటోంది.

"కనపడుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని," అన్నారు అత్తగారు. "కనపళ్ళా. ఇప్పటికీ బజార్లో ఆ ఈడు పిల్ల ఎదురైతే ముందు మెడ చూస్తాను."

ఆమె చెల్లెలు బతికుంటే ఇవాళ యాభై దాటి ఉండేది. అయినా మా అత్తగారు వెతికేది ఎనిమిదేళ్ళ పిల్ల కోసమే.

అప్పుడు మా అమ్మాయి అడిగింది, "ఆ చిన్ననానమ్మ పేరేంటి నానమ్మా?" అని. మా అత్తగారు చెప్పారు. నేను కాపరానికి వచ్చిన తరవాత ఆ పేరు ఇంట్లో వినపడడం అదే మొదలు. అది వెళ్ళి నోట్‌బుక్‌లో రాసుకుంది, పక్కన '8 సంవత్సరాలు, ఎర్రపూసల దండ' అని కూడా. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే, "పేపర్లో పేరు వద్దులే అమ్మాయ్, అది ఇంట్లోదే" అన్నారు అత్తగారు. అందుకే ఇక్కడ రాయడం లేదు.

చార్లెస్ బర్న్ సంగతి ఆ రాత్రి గుర్తొచ్చింది నాకు. సముద్రంలో కలపమన్న మనిషిని తీసుకొచ్చి అద్దాల్లో నిలబెట్టారు. మట్టిలో కలవాల్సిన మా పిల్లను సముద్రం పట్టుకుపోయింది. ఇద్దరికీ దక్కాల్సింది ఒక్కటే. తమ పేరు తెలిసిన మనిషి దగ్గరుండి సాగనంపడం.

చావును చూసే చూపు రెండు రకాలని నాకనిపిస్తోంది. తాళం చెవి తిప్పించి చూసే చూపు ఒకటి. బోర్లా ఉన్నదాన్ని తిప్పి, మనవాళ్ళేమోనని చూసే చూపు ఒకటి. మొదటిదానికి వినోదం చాలు. రెండోదానికి పేరు కావాలి. మ్యూజియంలో ఆ గాజు పెట్టె ముందు మన కాళ్ళు ఆగేది ఊరికే వినోదానికే అయితే ఒక చూపు చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళం. అలా వెళ్ళం. గొంతు తగ్గిస్తాం. చేతులు కట్టుకుంటాం. వయసెంత, పెళ్ళయిందా, ఎలా పోయింది అని అడుగుతాం. చావింట్లో పరామర్శకు వెళ్ళినప్పుడు అడిగే ప్రశ్నలే కదండీ ఇవి! ఎవరి పిల్లో ఇది అన్న ప్రశ్న మనలో ఎక్కడో మిగిలే ఉంది. దాన్నే పిచ్చి అని కొట్టిపారేస్తే పిల్లలకు మొదటి చూపే మిగులుతుంది.

పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదో, మద్రాసో వెళ్ళే తల్లులకు నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మమ్మీ గదిలో పిల్లల కళ్ళు మూయకండి. మూస్తే లోపల ఉన్నదానికంటే పెద్ద భూతాన్ని వాళ్ళు ఊహించుకుంటారు. అలాగని చూడనంటున్న పిల్లల్ని లాక్కెళ్ళి చూపించకండి. కొందరు రాత్రిళ్ళు నిజంగానే జడుసుకుంటారు. ఆ తేడా తల్లికి తెలుస్తుంది.

"అదిగో దెయ్యం" అని ఆట పట్టించకండి. అది దెయ్యం కాదు, ఒకప్పుడు అన్నం తిని, ఆడుకుని, తల్లి చేత తిట్లు తిన్న మనిషి. ఆ మాటే చెప్పండి. పక్కనున్న బోర్డు చదివించండి. పేరేమిటి, ఏ దేశం, ఎవరు తెచ్చారు, ఇలా పెడితే ఆ మనిషి ఒప్పుకునేదా అని అడగండి. జవాబు మీకూ తెలియకపోతే ఫరవాలేదు. ప్రశ్న వాళ్ళ వెంట ఇంటికొస్తుంది.

సెల్‌ఫోన్ తీసి ఆ పెట్టె పక్కన నవ్వుతూ ఫొటో దిగకండి. చావింట్లో దిగుతామా?

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. మన కృష్ణా తీరంలో ఏ ఇల్లు కదిపినా ఒక ఉప్పెన ఉంటుంది, ఒక కలరా ఉంటుంది, పురిట్లో పోయిన ఒక అక్కో వదినో ఉంటుంది. వాళ్ళ ఫొటోలు ఉండవు. పేర్లు ఆ పెద్దావిడతోనే పోతాయి. వద్దంటే బలవంతం చెయ్యకండి. చెబుతానంటే మాత్రం, "ఇప్పుడవన్నీ ఎందుకులెద్దురూ" అని అడ్డుపడకండి.

ఉప్పెనలో పోయినవారి కోసం దివిసీమలో స్తూపం కట్టారు. ఏటా నవంబరు 19న అక్కడ పూలు పెడతారు. స్తూపం అంటే ఎముకకు కట్టిన గుడి అని చెప్పాను కదా. దీని కింద ఎముక లేదు. ఉన్నదల్లా పైకి చెప్పుకునే పేర్లే. ఇన్నేళ్ళలో మా అత్తగారు ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. ఈసారి మనవరాలు ఎర్రపూసలు కొని తెచ్చి దండ గుచ్చుతోంది. "ఎప్పుడు బయల్దేరదాం అమ్మాయ్?" అని నిన్న ఆవిడే అడిగారు.